రాజు కోరపన్నుకు బంగారు తొడుగు

అనగనగా, మీ తాతకు ముత్తాత ఇంకా పాలపళ్లతో తిరుగుతున్న రోజుల్లో, ఇక్షుపురి అని ఒక రాజ్యం ఉండేది. ఎటు చూసినా చెరుకు తోటలే. ఆ రాజ్యాన్ని మాణిక్యవర్మ ఏలుతుండేవాడు.

అక్కడొక ఆచారం ఉంది. మాఘ పౌర్ణమినాడు రాజు జనమందరి ముందూ తొలి చెరుకుగడను పంటితో చీల్చాలి. రాజు చీల్చనిదే ఏ తోటలోనూ కత్తి ఆడదు. ఆ రోజు దాటిందా, చెరుకు ఎండుతుంది, రసం చెడుతుంది, రాజ్యమంతా బెల్లానికి మొహం వాచిపోతుంది.

మరి పౌర్ణమి ఇంకా నెల ఉందనగా ఏమయిందనుకున్నారు? వేయించిన శనగలు నములుతూ రాజు రాయి కొరికాడు. కటుక్కుమంది! కోరపన్ను సగానికి విరిగింది.

కంసాలి బంగారంతో చక్కని తొడుగు చేశాడు. అచ్చం పన్నులాగే ఉంది. కానీ తొడుగు దానంతటది నిలవదు కదా, పంటికి అతికించే లేపనం కావాలి. "రాజ్యంలో అన్నిటికన్నా గట్టి జిగురు ఎవరి దగ్గరుందో వాళ్లను పిలవండి!" అని రాజు దండోరా వేయించాడు. అదిగో, అక్కడే పప్పులో కాలేశాడు మహారాజు.

ముందుగా శంభులింగం వచ్చాడు. కత్తులకు పిడులు బిగించేవాడు. "ప్రభూ, నా లక్కతో బిగించిన పిడి యుద్ధంలో కూడా ఊడలేదు!" అన్నాడు. లక్క కరిగించాడు, తొడుగులో పోశాడు, పంటిమీద నొక్కాడు. పొద్దున్నంతా బాగానే ఉంది. మధ్యాహ్నం రాజు వేడి వేడి చారు తాగాడు. లక్క మెత్తబడింది. తొడుగు జారి విస్తట్లో పడింది. ఇంకా నయం, గొంతులోకి పోలేదు!

"ఇదేమిటోయ్?" అని రాజు గర్జించాడు.

"కత్తులు చారు తాగవు కదా ప్రభూ!" అని శంభులింగం నీళ్లు నమిలాడు.

తరువాత వీరమల్లు వచ్చాడు. కోటగోడలు కట్టే మేస్త్రీ. డంగుసున్నంలో బెల్లం, కరక్కాయ కలిపి నూరుకొచ్చాడు. "ఇది పట్టిందంటే నూరేళ్లు వదలదు" అని మీసం తిప్పాడు. రాజు ఈసారి తెలివిగా, "ముందు మా సేనాపతికి వెయ్యి, చూద్దాం" అన్నాడు. సేనాపతి భైరవుడికి దవడపన్ను ఒకటి పుచ్చి, పైన అరిగిపోయి ఉంది. దానికో వెండి తొడుగు చేయించారు. పాపం, రాజాజ్ఞ! కాదనగలడా?

తొడుగు రాయిలా పట్టింది. చారుకీ చలించలేదు, చక్కిలానికీ చలించలేదు. "భళా! రేపు నాకూ ఇదే!" అని రాజు చంకలు గుద్దుకున్నాడు.

తెల్లారేసరికి సేనాపతి చెంప బూరెలా పొంగింది. లోపలి పుచ్చు చీముపట్టింది. వైద్యం చేయాలంటే తొడుగు తీయాలి. తొడుగేమో రానంటుంది. చివరికి పటకారుతో లాగితే తొడుగూ పన్నూ కలిసే వచ్చాయి. ఆ కేకకు లాయంలో గుర్రాలు తాళ్లు తెంపుకున్నాయి.

"చూశారా ప్రభూ! నా సున్నం మాత్రం వదల్లేదు!" అన్నాడు వీరమల్లు. ఆహా, ఏం గొప్ప!

ఇక మూడో మనిషిగా బసవాంబ వచ్చింది. అంగడివీధిలో పంటి వైద్యం చేసే పెద్దావిడ. తన మందు గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. "ఏదీ, నోరు తెరవండి ప్రభూ" అంది. చూసింది. సన్నని పుల్లతో పన్నుమీద తట్టింది.

"నొప్పిగా ఉందా?"

"రాజులకు నొప్పేమిటి?" అన్నాడు రాజు.

మళ్లీ తట్టింది. రాజు సింహాసనం మీద ఎగిరిపడ్డాడు.

బసవాంబ రెండు భరిణెలు తీసింది. "ఒకటి గట్టిది, ఒకటి మెత్తనిది. రెండూ మంచివే. మీ పంట్లో ఇంకా మంట ఉంది, కాబట్టి ఇవాళ మెత్తనిది పెడతాను. గోరుతో లాగితే వచ్చేస్తుంది."

సభ పగలబడి నవ్వింది. "ఊడిపోయేదీ ఒక జిగురేనా!" అన్నాడు వీరమల్లు.

రాజుకు ఒళ్లు మండింది. "పౌర్ణమి పన్నెండు రోజుల్లో ఉంది! జనం ముందు ఊడితే నా పరువేం కాను? పంటేం కాను?"

"పన్ను మానేదాకా రోజూ తొడుగు తీసి మందు వేయాలి ప్రభూ. తీయాల్సినదాన్ని తీయడానికి వీలుగా అతికించడమూ వైద్యమే. మానాక గట్టిది పెడతాను. పౌర్ణమినాడు ఊడిందంటే నేనిక ఎవరి పన్నూ ముట్టను" అంది బసవాంబ.

రాజు సేనాపతి వైపు చూశాడు. సేనాపతి వాచిన చెంప పట్టుకుని, "ఊఁ! ఊఁ!" అని గట్టిగా తలూపాడు. రాజు నోరు తెరిచాడు.

తొమ్మిది రోజులు పొద్దున్నే తొడుగు తీసి, కడిగి, లవంగనూనె వేసి మళ్లీ పెట్టింది. పదోనాడు తట్టి చూస్తే రాజుకు చీమ కుట్టినట్టయినా లేదు. అప్పుడు రెండో భరిణె తెరిచింది. పన్నును దూదితో తడి లేకుండా తుడిచింది. తొడుగు లోపల లేపనం పలచగా పూసింది. "ఇంకాస్త పుయ్యరాదూ?" అన్నాడు రాజు. "ఎక్కువైతే తొడుగు ఎత్తుగా కూర్చుంటుంది, ప్రతి ముద్దా దానికే తగులుతుంది. ఇక ఇది ఆరేదాకా మాట్లాడకండి" అంది. రాజు మాట్లాడని ఆ కాసేపు మంత్రులకు ప్రాణం హాయిగా ఉంది. చిగుళ్ల మీదికి పొంగిన లేపనాన్ని గీకేసి, బసవాంబ ఇంటికి వెళ్లిపోయింది.

పౌర్ణమి వచ్చింది. తోట చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. రాజు చెరుకుగడ ఎత్తాడు. రైతులు ఊపిరి బిగబట్టారు. కరకర! తొక్క నిలువునా చీలింది. రసం గడ్డం మీదుగా కారింది. తొడుగు కదిలితే ఒట్టు! ఒక్కసారిగా వేయి కత్తులు తోటల్లోకి దిగాయి.

రాజు ఆనందం పట్టలేక, "బసవాంబా! ఆ గట్టి లేపనమే రాజ్యంలో ప్రతి పంటికీ వేయిద్దాం!" అన్నాడు.

"అయ్యయ్యో, ఆగండి ప్రభూ! ముందు వాళ్లను నోరు తెరవనివ్వండి" అంది బసవాంబ.

కనుక పిల్లలూ, ఏది గట్టిదని వెతికేవాడికన్నా, ఏది ఎక్కడ తగునో ముందు చూసుకునేవాడి పనే నిలుస్తుంది.