మూత తీసిన ఊట

1974 జనవరి 9, బుధవారం. ఆస్ట్రేలియా నడిబొడ్డున ఎర్ర ఇసుక ఎడారిలో నలభై ఆరు డిగ్రీల ఎండ. గాలి లేదు, మబ్బు తునక లేదు.

అక్కడ ఎండిన వాగు ఇసుకలో ఒక ఊట ఉండేది. ఆ నేల ఆదివాసులు చేసినట్టే జంతువులూ చేసేవి: గుంత చిన్నగా తవ్వడం, పిల్లలున్నవాళ్లు ముందు తాగడం, ఆఖర్న తాగినవాళ్లు ఇసుక కప్పి పైన ముళ్లకంప పరచడం. మూత లేకపోతే సగం ఎండ తాగుతుంది, మిగతా సగం దారినపోయేవాళ్లు తొక్కేస్తారు.

ఆ రోజు ఒక నక్క దిగింది. నక్కలు ఆ దేశానివి కావు. వేట సరదా కోసం దొరలు ఓడల్లో తెచ్చుకున్నారు. సరదా తీరింది, నక్కలు మిగిలాయి.

"నీటి భద్రతలో నాకు చాలా అనుభవం పెద్దమ్మా. ఇంత బుల్లి గుంతా? దానికో మూతా? ఎంత వెనకబడ్డారు!"

"వెనకబడే ఇన్నాళ్లూ బతికాం నాయనా," అంది ముసలి కంగారూ. అందరికీ ఆమె అవ్వ.

జంతువులు దుంపల కోసం వెళ్లి వచ్చేసరికి, గుంత ఉన్నచోట చిన్న చెరువు తళతళలాడుతోంది.

"తవ్వేముందు మమ్మల్ని అడిగావా?" అంది మగ ఈమూ పక్షి, పిల్లల్ని వెనక్కి నెట్టుకుంటూ. ఈమూల్లో గుడ్లు పొదిగేదీ పిల్లల్ని సాకేదీ తండ్రే. ఈ సంగతి మా ఇంట్లో ఆడవాళ్లకు ఇంతవరకు చెప్పలేదు.

"అడగడానికేగా నిలబడ్డాను! ముందు పని, తర్వాత మీ అభిప్రాయాలు. అన్నట్టు, పథకానికి అధ్యక్షుణ్ణి నేనే."

అభిప్రాయాలు ముందుగా ఒంటెలు చెప్పాయి. అవీ ఓడల్లో వచ్చినవే; లారీలు వచ్చాక బరువులు మోసే పని పోయి ఎడారిలో తిరుగుతున్నాయి. నీటి వాసన పట్టి మందగా వచ్చి, చెరువంతా పీల్చేసి, గట్లు కూలదొక్కి, అక్కడే కూర్చున్నాయి.

ఈమూ పిల్లలు ముక్కులు తెరుచుకుని బురద వైపు చూస్తున్నాయి.

"పూడిక తీస్తే మళ్లీ ఊరుతుంది అవ్వా. కానీ వీళ్లు లేస్తేగా! ఇంకో పూట ఆగితే నా పిల్లలు దక్కరు."

పెద్ద ఒంటె మెడ చాచింది. "ఏమయ్యా అధ్యక్షా, ఇంతేనా నీ పథకం?"

నక్క అవ్వ చెవి దగ్గరికి చేరింది. "పెద్దమ్మా, ఇంకెక్కడైనా ఉందా? పరువు పోతోంది."

అవ్వ తూర్పుకి చూపించింది. దూరంగా తెల్లగా మెరుస్తోంది. "అదిగో. మూత లేదు, అవతలి ఒడ్డు కనపడదు. మేమెవ్వరం అటు పోము."

"ఎందుకని?"

"అంత పెద్దవి మాకు ఒంటబట్టవు నాయనా."

ఈమూ నవ్వు దాచుకోవడానికి తల వంచి ఇసుక పొడిచింది. నక్కకు మరో ప్రశ్న వేసే ఓపిక లేదు. "రండి! రెండో దశ ప్రారంభోత్సవం!" అని ముందు నడిచింది. వెనక ఒంటెలు.

అది ఉప్పు సరస్సు. పైన ఉప్పు పెచ్చు, కింద చేదు బురద. ఆ ఎడారిలో మూత లేకుండా మెరిసేది ఉప్పేనని ఈమూ పిల్లలకు కూడా తెలుసు. పెదవులు మండిన ఒంటెలు అధ్యక్షుణ్ణి వంతులవారీగా తన్ని, దక్షిణం దారి పట్టాయి.

ఇక్కడ అందరూ కలిసి పూడిక తీశారు. గుంత చిన్నదే. నీరూరింది. పిల్లలు ముందు తాగాయి. ఆఖర్న తాగిన అవ్వ ఇసుక కప్పింది.

నీతి రాయకపోతే చదివేవాళ్లు ఊరుకోరు: దాహం ఎవరిదో, ఊట మీద మాటా వాళ్లదే.

ఆ చలికాలం అవ్వ కన్నుమూసింది. ఊటను కాచే పని ఈమూ పిల్లలకు వచ్చింది, అవ్వ దుంపలు తవ్వుకునే దిబ్బ ఆమె మనవరాలికి. కుంటుకుంటూ పంపకాలకు వచ్చిన నక్కకు ఏమీ రాలేదు.