అందరూ దిగినట్టేనా?

పెంచలయ్యకు ఒకటే వెలితి. గురువు ఇంతవరకూ తనను ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు.

ఆ గురువు ఖాదర్‌వలీ సాహెబ్. ముప్ఫై ఏళ్లు ఫైర్ స్టేషన్లలో పనిచేసి రిటైరైన మనిషి. ఆదివారాలు తన వరండాలో అపార్ట్‌మెంట్ మేనేజర్లకు అగ్నిప్రమాదాల జాగ్రత్తల మీద పాఠం చెబుతాడు. చెప్పేది తక్కువ, పోసే టీ ఎక్కువ.

పెంచలయ్య చూసుకునేది నెల్లూరులో ఐదంతస్తుల భవనం. మంటలొస్తే దారికి అడ్డమని మెట్ల మీది చెప్పుల స్టాండ్లు తీయించాడు. పాత సైకిళ్లు కిందికి దింపించాడు. అందుకు ఇంటింటా తిట్లు తిన్నాడు. ఫైర్ డిపార్ట్‌మెంట్ నుంచి తనిఖీకి వచ్చినవాళ్లు చివరికి ఏ వంకా పెట్టకుండా సర్టిఫికెట్ ఇచ్చారు.

అది పట్టుకుని గురువు దగ్గరికి వెళ్లాడు.

"ఇంకేం నేర్చుకోవాలి గురువుగారూ?"

సాహెబ్ ఆ కాగితం పూర్తిగా చదివి, జాగ్రత్తగా మడిచి, శిష్యుడి జేబులో పెట్టాడు.

"రేపు పది గంటలకు మీ బిల్డింగుకు వస్తా. ఫైర్ డ్రిల్ పెట్టు. నిజంగా మంటలొచ్చినట్టే అందరినీ కిందికి దింపాల."

మర్నాడు చెప్పిన వేళకు వచ్చాడు. "నేను పైకి పోయి అందరితో పాటు దిగుతా. నువ్వు అలారం మోగించు" అని లిఫ్ట్ ఎక్కాడు.

అలారం మోగింది. జనం మెట్ల మీదుగా దిగారు. ఒకాయన లుంగీతోనే వచ్చేశాడు. ఒకావిడ స్టవ్ కట్టేసి గరిటెతో సహా వచ్చింది. పెంచలయ్య జాబితా చూస్తూ ఇంటింటికీ టిక్కు పెట్టుకున్నాడు. 402 ఫ్లాటు టీచరమ్మది. ఆమె స్కూలుకు వెళ్లింది కాబట్టి ఇంట్లో ఎవరూ ఉండరు. దానికీ టిక్కు పెట్టాడు.

జాబితా అయిపోయింది. గురువు మాత్రం రాలేదు.

డెబ్భై దాటిన మనిషి, ఎక్కడ పడిపోయాడో! పెంచలయ్య రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పరిగెత్తాడు.

402 తలుపు తెరిచి ఉంది. సాహెబ్ చాప మీద కూర్చుని కందికాయలు ఒలుస్తున్నాడు. ఎదురుగా ఒక ముసలామె, ఆమె కూడా ఒలుస్తోంది. అలారం చెవులు చిల్లులు పడేలా మోగుతున్నా తలెత్తలేదు.

"గురువుగారూ, దిగలేదేం?"

"టీచరమ్మ వాళ్ల అమ్మంట. పోయిన నెల వచ్చిందంట. చెవులు వినపడవు. రమ్మని చెయ్యి ఊపితే, నేనూ ఒలుస్తానంటున్నా అనుకుంది పాపం. ఇన్ని కాయలు నా ముందు పోసింది."

ఇంకో కాయ ఒలుస్తూ అడిగాడు.

"ఈమె పేరేంది పెంచలా?"



పెంచలయ్య ఆమె ముందు కూర్చుని, జాబితా వెనక పెద్ద అక్షరాలతో రాశాడు. "నేను పెంచలయ్య. మీ పేరు?"

ఆమె కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివింది.

"చెంగమ్మ నాయనా" అంది గట్టిగా. "ఈ మేడలో నా పేరడిగినోడివి నువ్వే."

అలారం ఆగింది. కింద నుంచి వాచ్‌మన్ కేకేశాడు.

"సార్, అందరూ దిగినట్టేనా? పైకి పంపించెయ్యనా?"

పెంచలయ్య గుమ్మం బయటికి వచ్చి పిట్టగోడ మీంచి వంగాడు.

"లేదు, ఉండండి. ఇంకా దిగుతున్నాం."

వెనక్కి వచ్చి చెయ్యి అందించాడు. చెంగమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని లేచింది. ప్రతి మెట్టు దగ్గరా ఆమె ఆగింది. అతనూ ఆగాడు.