నెమలి మెడ మీద చీమలు

అనగనగా ఒక ఊరు. ఎక్కడో కాదు, మా ఊరే. ఆ ఊళ్ళో ఒక దొరగారి దివాణం ఉండేది. దివాణానికీ దొరసానమ్మగారి మామిడితోటకీ నడిమధ్యగా రైలు పట్టాలు పడ్డాయి.

అప్పుడు దొరసానమ్మగారు, "పట్టాలు దాటాలంటే కుచ్చిళ్ళు ఎత్తాలి. ఇంజను వాడు చూస్తాడు. నేను దాటను" అని భీష్మించుకుని కూర్చున్నారు. కళ్ళెదుటే పళ్ళు, నోటికేమో అందవు.

ఆవిడ కోసం దొరగారు పట్టాల మీదుగా వంతెన కట్టించారు. ఉత్త వంతెన కాదే చిన్నీ! కమానులు, లతలు, నాలుగు మూలలా నాలుగు సున్నపు నెమళ్ళు.

ఆ నెమళ్ళు చేసింది లచ్చన్న మేస్త్రి. గానుగ సున్నంలో కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ కలిపితే రాయిలా గట్టిపడుతుంది. దివాణం వంటింట్లోంచి బెల్లం నీళ్ళ ముంత మోసుకెళ్ళే పని మాణిక్యం అనే ఏడేళ్ళ పిల్లది. మహా బుద్ధిమంతురాలు. నవ్వకే, అది నేనే.

మొదటి రోజు ఒక్క గుక్క తాగాను. రుచి చూడాలిగా! రెండో రోజు రెండు గుక్కలు. మూడో రోజు సగం ముంత లాగించి, బావి నీళ్ళతో నింపేశాను. ఆ రోజు చేసింది ఆఖరి నెమలి తల.

ఆ తర్వాత వంతెన ఆరింది. దొరసానమ్మగారు మేళాలతో నడిచే రోజొచ్చింది. పొద్దున పాసింజరు వెళితే నెమలి తల ఊగింది. మధ్యాహ్నం మెయిలు వెళితే బీటిచ్చింది. సాయంత్రం ఆవిడ మొదటి మెట్టు మీద కాలు పెట్టారో లేదో, గూడ్సు వచ్చింది. తల టప్పున ఊడి బొగ్గు పెట్టెలో పడి, బండితో పాటే వెళ్ళిపోయింది!

"తలలేని నెమలి పక్కన నేను నడవను" అన్నారావిడ.

"లచ్చన్నా, ఇక ఈ చుట్టుపక్కల తాపీ పట్టావంటే చూడు!" అన్నారు దొరగారు.

లచ్చన్న తాపీ కడిగి గోనెసంచిలో పెట్టుకున్నాడు. అప్పుడు నేను తాగిన బెల్లమంతా కడుపులో చేదైపోయింది.

"లచ్చన్న మావా, ఆ నీళ్ళు నేనే తాగాను."

"ఇందాకే తెలిసిందిలేవే. మూడు నెమళ్ళకీ చీమలు పట్టాయి. దీని మెడ మీద ఒక్కటీ లేదు."

"మరి చెప్పవేం?"

"చెబితే నీ వీపు చిట్లిపోదూ?"

ఆ మాటతో ఏడుపు తన్నుకొచ్చింది. పరుగెత్తి దొరసానమ్మగారి కొంగు పట్టుకుని అంతా కక్కేశాను. ధైర్యం అనుకునేవు, కాదు. ముక్కు కారుతుంటే ఏదో ఒక కొంగు కావాలిగా!

ఆవిడ పకపకా నవ్వారు. "మేస్త్రిని ఆపండి. ముంత మళ్ళీ దీని చేతే మోయించండి. కానీ దారంతా పాట పాడాలి. పాట ఆగిందా, తాగుతోందన్నమాటే!"

వంటింటి నుంచి వంతెన దాకా పాడాను. దివాణం కుక్కలు వంత పాడాయి. ముంత చుక్క తగ్గకుండా చేరింది. లచ్చన్న కొత్త తల పెట్టాడు. అది ఆరకముందే చీమలు బారులు తీరాయి. ఆ తర్వాత పాసింజరు వెళ్ళింది, మెయిలు వెళ్ళింది, గూడ్సూ వెళ్ళింది. తల కదిలితే ఒట్టు!

దొరసానమ్మగారు కుచ్చిళ్ళు ఎత్తకుండా దర్జాగా నడిచివెళ్ళి, మొదటి మామిడిపండు లచ్చన్నకిచ్చారు. నాకు టెంక ఇచ్చారు.

"ఆ పాటేంటి అమ్మమ్మా?"

కళ్ళు మూసుకో, పాడతాను.

చీమా చీమా రావే, నెమలి మెడకు పోవే,
ముంతనిండా తీపే, నోటినిండా పాటే.
పాత తల గూడ్సెక్కి పోయింది కంచికి,
కథేమో దిండుకి, మనమేమో నిద్రకి.