ఎల్లమంద దంచిన చీనా వేరు

రాజుగారి కాళ్లు చల్లబడుతున్నాయని ఆస్థాన వైద్యుడు చీనా నుంచి ఓడలో ఒక ఎర్రవేరు తెప్పించాడు. అది నెత్తురును ఒళ్లంతా పారిస్తుందట. ఆర్నెల్లుగా దాన్ని దంచుతున్న పనివాడు ఎల్లమంద. కష్టపడేవాడి ఒంట్లో కాస్త ఎరుపు కనిపించినా కొందరు ఓర్వలేరు.

"మహారాజా, వీడి మొహం ఎలా నిగనిగలాడుతోందో చూడండి. మీ మందు దొంగిలించి తింటున్నాడు. చేతులు నరికించండి," అన్నాడు వైద్యుడు.

ఎల్లమంద నెమ్మదిగా అడిగాడు. "వైద్యులవారూ, దొంగిలించిన చిటికెడుకే నాకింత నెత్తురు పారితే, రోజూ గిన్నెడు తాగే ప్రభువుల కాళ్లు ఇంకా చల్లగా ఎందుకున్నాయి? మీరు ఆయనకిస్తున్నదేమిటి?"

రాజు వైద్యుడి వైపు తిరిగాడు.

వైద్యుడు వెంటనే మాట మార్చాడు. "వీడు తినలేదు మహారాజా. రోజంతా దంచడం వల్లే ఒళ్లు అలా ఉంది."

"అలాగా," అంటూ రాజు లేచి, ఆ పూట మందు తానే దంచుకున్నాడు.