బొమ్మల పెళ్ళిలో దివాణం ఉప్పు

చింతలదుర్గం రాజు వీరమల్లుకి ఒకనాడు తలంటు పోయించుకుంటూ ఉంటే ఓ సరదా పుట్టింది. తన పరిపాలన గురించి, తను అమ్మించే సరుకుల గురించి ఊరు ఏమనుకుంటోందో తన చెవులతో తను వినాలి.

సభలో ఆ మాట అనగానే సుంకాధికారి విరూపాక్షయ్య మీసం సవరించుకున్నాడు. ఉప్పు, చింతపండు, దీపాల నూనె దివాణం అంగడిలో తప్ప ఇంకెక్కడా కొనకూడదని శాసనం చేయించింది ఆయనే. కొన్నందుకు ఒక సుంకం, ఇంటికి మోసుకుపోయినందుకు ఇంకో సుంకం. ఆ అంగడి నడిపేది ఆయన బావమరిది. రోజూ సాయంత్రం దండోరా వేయించి ఊరికి వార్తలు చెప్పించేదీ ఆయనే. తాము సుఖంగా ఉన్నామన్న సంగతి జనానికి ఆ దండోరా విన్నాకే తెలిసేది.

విరూపాక్షయ్య అప్పటికప్పుడు వీధిలో పోయే నలుగురిని పట్టించి తెచ్చాడు. ముందు నిలబడినవాడు నేతగాడు సాంబడు. సరుకెలా ఉందని రాజు అడిగితే, వాడు వెనక భటుల వైపు ఒకసారి చూసి, "అమృతం ప్రభూ" అన్నాడు. మిగతా ముగ్గురూ అదే అమృతం తాగారు.

ఆ అమృతం మాట నమ్మక నాంచారమ్మ ఫక్కున నవ్వింది. చిన్నప్పుడు రాజుని ఎత్తుకు పెంచిన దాది ఆమె. ఆ చనువుతో సభలో స్తంభం పక్కన పీట వేయించుకుని కూర్చునేది. ఈ మధ్య మతిమరుపు వచ్చింది. గుర్తుంచుకోవలసిన ప్రతిదానికీ కొంగున ఒక ముడి వేసుకునేది. తర్వాత ఏ ముడి ఎందుకో మర్చిపోయేది.

"ముసలమ్మకి పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. ఉప్పు సంగతి ఆమెకేం తెలుస్తుంది?" అన్నాడు విరూపాక్షయ్య. ఇలాంటివాళ్ళని సభలో కూర్చోబెట్టుకోవడం దివాణానికే పరువు తక్కువన్నాడు.

రాజు ఇరుకున పడ్డాడు. "దాదమ్మా, సరుకు బాగాలేదని నా ఎదుట ఒక్కరిచేత అనిపించు. అంగడి మూయిస్తాను. అనిపించలేకపోతే మాత్రం నీ పీట తీయించేస్తాను."

సభలో నాలుగు మాటలు చెవిన పడుతుంటేనే నాంచారమ్మకి నిన్నటిది ఇవాళ గుర్తుండేది. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటే తన పేరు కూడా మర్చిపోతానని ఆమె భయం.

ఊరంతా తిరిగింది. ఎవరిని కదిపినా అమృతమే. ఒక ఇల్లాలైతే పొగచిమ్మే దీపం ముందు కళ్ళు తుడుచుకుంటూ, నూనె ఎంత బాగుందో తలుచుకుంటే కన్నీళ్ళు ఆగడం లేదంది.

విసిగి వస్తుంటే ఓ పెళ్ళిపందిట్లోంచి కేకలు వినిపించాయి. తొంగి చూసింది. సభలో పిల్లిలా నిలబడ్డ సాంబడే అక్కడ విస్తరి తోసేసి, వంకాయ కూరలో కారం ఎక్కువైందని ఎగిరిపడుతున్నాడు. అవతల చేతులు కట్టుకుని వింటున్న పెళ్ళికూతురి తండ్రి సాంబడికంటే పదింతలు కలవాడు.

నాంచారమ్మ అక్కడే కొంగున ముడి వేసింది. దారిలో అది మరిచిపోతానేమోనని ఇంకోటి కూడా వేసింది.

మర్నాడు రాజుతో, చిన్న రాకుమారి బొమ్మకి పెళ్ళి చేద్దామంది. ఊరంతా పెళ్ళికొడుకు బొమ్మ వైపు, రాజు పెళ్ళికూతురి తండ్రి, వంట మొత్తం దివాణం సరుకుతో. బొమ్మల పెళ్ళైనా సరే, పెళ్ళి మర్యాద తప్పనని రాజుచేత ఒట్టు వేయించుకుంది. విరూపాక్షయ్య అడక్కుండానే బస్తాలు పంపించాడు.

పెళ్ళినాడు పంక్తులు తీరాయి. పప్పు వచ్చింది, పులుసు వచ్చింది. పంటికింద కరకరమంటున్నా జనం తలలు వంచుకుని మింగుతున్నారే తప్ప ఒక్కరూ నోరు మెదపలేదు. విరూపాక్షయ్య నవ్వుకుంటూ, సభలోని పీట తీసెయ్యమన్నట్టు భటుడికి సైగ చేశాడు.

నాంచారమ్మ కంగారుగా కొంగు తడుముకుంది. ఒక ముడి మిగిలి ఉంది. దేనికో గుర్తు రాలేదు. మజ్జిగ కూడా బయలుదేరింది. రాజు నడుం మీద చెయ్యి వేసుకుని పంక్తుల మధ్య దర్జాగా నిలబడి ఉన్నాడు. ఆ చెయ్యి చూడగానే గుర్తొచ్చింది.

"చేతులు కట్టుకో నాయనా. పిల్లనిచ్చుకున్నవాడివి. లోటుపాట్లు అడగవా?" అంది అతని చెవిలో.

రాజు చేతులు కట్టుకుని వంగాడు. "వియ్యాలవారూ, లోటేమైనా ఉంటే చెప్పండి."

సాంబడి వెన్ను నిటారైంది. అలవాటు చొప్పున విస్తరి ముందుకి తోశాడు.

"లోటని కాదు బావగారూ. మీరు ఉప్పులో ఇసక కలిపారా, ఇసకలో ఉప్పు కలిపారా?"

అంతే, గట్టు తెగింది. పెళ్ళికొడుకు మేనత్తనంటూ ఒకావిడ లేచి, మీ దీపం పొగకి పెళ్ళికూతురి మొహం మసిబారింది, ఈ పిల్ల మాకొద్దంది. చింతపండులో గింజలే ఉన్నాయని, ఆ గింజలకి కూడా సుంకం కట్టామని ఇంకొకడు లేచాడు. మీ దండోరావాణ్ణి మా ఇంట్లో ఒక్క పూట భోంచెయ్యమనండి, మేం సుఖంగా ఉన్నామో లేదో అప్పుడు చాటుతాడని వెనక పంక్తి అందుకుంది. రాజు మొహం ఎర్రబడింది గాని, కట్టిన చేతులు విప్పడానికి లేకపోయింది.

విరూపాక్షయ్య పరుగున వచ్చాడు. "ప్రభూ, ఇదంతా ముసలమ్మ నేర్పిన పాఠం. మొన్న అమృతమన్నది ఈ ప్రజలే కదా?"

నాంచారమ్మ చివరి ముడి విప్పుకుంటూ అంది.

"మొన్న వాళ్ళు ప్రజలు నాయనా. ఇవాళ మగపెళ్ళివారు."

పందిరంతా గొల్లుమంది. అందరికంటే ఎక్కువ నవ్వింది రాజే. ఆ నవ్వుతోనే విరూపాక్షయ్యని విస్తరి ముందు కూర్చోబెట్టి, తన చేత్తో పప్పు వడ్డించి, ఎలా ఉందని అడిగాడు. సుంకాధికారి పంటికింద కరకరమన్న చప్పుడు చివరి పంక్తి దాకా వినిపించింది.

"అమృతం ప్రభూ," అన్నాడు నీళ్ళ కోసం చూస్తూ.

"పాపం, ఆయన మన ఆడపెళ్ళివారి మనిషి. అంతకంటే ఏమంటాడు?" అంది నాంచారమ్మ.

మజ్జిగ పూర్తయ్యేలోగా దివాణం అంగడికి తాళం పడింది. అంత ఇష్టపడ్డాడు కనక మిగిలిన బస్తాలన్నీ విరూపాక్షయ్య ఇంటికే పంపించారు. మోసుకుపోయినందుకు సుంకం కూడా ఆయన దగ్గరే వసూలు చేశారు.

నాంచారమ్మ పీట స్తంభం పక్కనుంచి సింహాసనం పక్కకి వచ్చింది. రాజు పట్టుశాలువా కప్పితే ఆమె ముందు దాని అంచు వేళ్ళతో నలిపి చూసి, ముడి బాగా నిలుస్తుందంది.