ఊ కొట్టిన అరుగు

బడి పని విరమించాక భుజంగం పంతులుకి మిగిలిన సుఖం ఒక్కటే: సాయంత్రం తన ఇంటి అరుగు మీద నలుగురు మిత్రులతో లోకాభిరామాయణం. దానికీ కొత్త ఠాణేదారు ఎసరు పెట్టాడు. పనిలేని కబుర్లు చెప్పినవాణ్ణి బందెలదొడ్డిలో పశువులతో కట్టేస్తానని దండోరా వేయించాడు.

మర్నాడు పట్టుకుందామని అతను వచ్చేసరికి, అరుగు మీద అందరూ నోళ్లు కుట్టేసుకున్నట్టు కూర్చున్నారు.

"ఏం, భయపడ్డారా?"

"ఊ" అన్నాడు పంతులు.

"మా ఊళ్లోనూ నేనంటే ఇంతే!"

"ఊ?" అన్నారంతా ముందుకి వంగి.

ఇంట్లో ఎవరూ అంత శ్రద్ధగా ఊ కొట్టి ఎరగరు కాబోలు, ఠాణేదారు మీసం సవరించుకుని అరుగెక్కాడు. చిన్నప్పుడు వాగులో ఎద్దుని ఈదించిన దగ్గర్నుంచీ ఏకరువు పెట్టాడు. మామగారితో తగువు సగంలో ఉండగానే దీపాలవేళ అయింది.

పంతులు లేచి చేతులు కట్టుకున్నాడు. "బాబూ, ఈ పూట కబుర్లు చెప్పింది తమరొక్కరే. దొడ్డికి తమరే నడిచి వెళతారా, మమ్మల్ని దిగబెట్టమంటారా?"

ఠాణేదారు మొహం కందగడ్డలా అయింది. అంతలోనే పకపకా నవ్వేశాడు. "దొడ్డి మాట రేపటినుంచి ఎత్తను గానీ, మా మామ ఆ రోజు నన్ను గడప తొక్కనిచ్చాడో లేదో వినరా మరి?"

"ఊ" అన్నాడు పంతులు, మళ్లీ బాసింపట్టు వేసుకుంటూ.