వేలు ముంచిన చిక్కపాలు

వేణుగోపాలస్వామి చల్లని చూపు మీ అందరి మీదా ఉండుగాక. వెనకవాళ్లు కాస్త ముందుకు జరగండి. పాల కథ ఇది, దగ్గరగా కూర్చుంటేనే రుచి.

మొగలిరేవును వీరభూపతి ఏలుతున్న రోజుల్లో, ఒక ఉదయం నిండుసభలో ఆయన ఒక జాడీని తలకిందులు చేసి పట్టుకున్నాడు. జాడీలో పాలు. ఎంతసేపటికో ఒక్క బొట్టు జారింది, అదీ అయిష్టంగా.

"చూశారా," అన్నాడు మురిసిపోతూ. "ఓడ మీద వచ్చిన చిక్కపాలు. పరదేశంలో పంచదార వేసి, చిక్కబడేదాకా మరిగించి, జాడీల్లో పోసి లక్కతో మూత బిగిస్తారట. ఇక మన వంటశాలలో కోవాకీ పాయసానికీ ఇవే. పొయ్యి ముందు గరిట తిప్పుతూ నిలబడే బాధ లేదు."

తెప్పించినవాడు రేవు అధికారి సింగరసు. పక్కనే నిలబడి, ఆ పాలు తానే ఇచ్చినంత గర్వంగా మీసం సవరించుకుంటున్నాడు.

వెనక నుంచి గొల్లపేట పెద్ద ఎర్రక్క లేచింది. "మరి మా పాలు ఏం చెయ్యమంటారు దొరా? కోటలో వాడకం పోతే మందలు తోలుకుని కొండ దాటిపోవడమే మాకు."

"దాటిపో అమ్మా," అన్నాడు సింగరసు. "నీ పాలు జాడీలో పోసి తిరగేస్తే సభంతా తడుస్తుంది."

రాజు చెయ్యెత్తాడు. "నేను అన్యాయం చెయ్యను. ఈ పాలలో ఎవరైనా ఒక్క వంక చూపించండి. స్వామికి రాజభోగం గంట మోగేలోపు చూపిస్తే పాత వాడకమే. లేదంటే సింగరసు మాటకే ముద్ర వేస్తాను."

సభ మొత్తం చెన్నుభట్టు వైపు తిరిగింది.

చెన్నుభట్టుకు సభలో పంచాంగం చదవడం ఉద్యోగం, దొరికినచోటల్లా తినడం వ్యాపకం. తన బుద్ధి పొట్టలో ఉంటుందనీ, అందుకే భోంచేశాక పనిచెయ్యదనీ, పైన బరువు పడుతుందనీ ఆయనే చెప్పుకునేవాడు. ఆ ఉదయం అదృష్టవశాత్తు ఇంకా ఏమీ తినలేదు. ఎర్రక్క ఇంట ఆవు ఈనితే ఆయనకు తప్పకుండా జున్ను వస్తుంది. ధర్మం ఆమె వైపు లాగింది. నిజం చెప్పాలంటే జున్ను ఇంకాస్త గట్టిగా లాగింది. కానీ కళ్లు మాత్రం జాడీ మీదే ఉన్నాయి.

"సింగరసుగారూ, నేను తిండిపోతును గానీ తెలిసినవాణ్ని కాను," అన్నాడు చెన్నుభట్టు లేచి. "ఇంత దూరం సముద్రం మీద వస్తే కొన్ని జాడీలు పులిసిపోవూ?"

"పులుస్తాయి. అందుకే కదా నేనున్నది."

"వాసన చూసి చెప్పేస్తారా?"

"వాసనతో ఏం తెలుస్తుందయ్యా? రుచి చూడాలి."

"చిన్న గరిటతోనా?"

సింగరసు జాలిగా నవ్వాడు. "గరిటకు చిక్కదనం ఏం తెలుసు? వేలు ముంచాలి. నాలిక మీద పెట్టుకోవాలి. నేను వేలు ముంచని జాడీ ఒక్కటి కూడా వంటశాల గడప దాటలేదు, దాటదు."

"మధ్యమధ్య చెయ్యి కడుక్కుంటే తడికి పాలు పలచబడతాయేమో."

"కడిగేవాడికి ఈ విద్య రాదు. ముందు జాడీ రుచి వేలి మీద ఉంటేనే తర్వాతి దానితో పోల్చగలం." ఎలా చూస్తాడో చూపుడువేలు చప్పరించి మరీ చూపించాడు.

అర్చకులు రంగాచార్యులు రెండు చెవులూ మూసుకున్నారు.

మొగలిరేవు కోటలో ఉన్నది ఒకటే వంటశాల. అక్కడ ఏది వండినా ముందు స్వామికి నైవేద్యం, ఆ తర్వాతే రాజుకు. పూజకు కోసిన పువ్వును వాసన కూడా చూడం కదా మనం. రాజు జాడీని మెల్లగా కింద పెట్టి ఉత్తరీయంతో చేతులు తుడుచుకున్నాడు.

"ప్రభూ," అన్నాడు చెన్నుభట్టు, "కిందటి కృష్ణాష్టమికి వెన్న రుచి చూశానని నన్ను వంటశాల నుంచి మెడపట్టి గెంటించారు. న్యాయమే. నేను పెట్టింది ఒక గిన్నెలో ఒక వేలు. ఈయన ఓడంతా ముంచారు."

సింగరసు ముఖం పాలిపోయింది. "అయితే... వచ్చే ఓడ నుంచి లక్క ఊడదీయకుండానే తెప్పిస్తాను. ఎవరూ ముట్టుకోరు."

"పులిసిన జాడీ ఏదో ఎలా తెలుస్తుంది?"

చెన్నుభట్టు రాజు వైపు తిరిగి చేతులు జోడించాడు.

"రుచి చూస్తే స్వామికి పనికిరావు ప్రభూ. చూడకపోతే తమకు పనికిరావు."

"ఎర్రక్క పాలు మాత్రం ఎవరూ రుచి చూడరా?" అన్నాడు రాజు, పెదవుల కొసల్లో నవ్వు దాచుకుంటూ.

"ఒకరు చూస్తారు. ఆవును వంటశాల వాకిట్లో నిలబెట్టి అందరి కళ్లెదుటా పిండుతుంది. ముందుగా రుచి చూసేది దూడ. దూడ ఎంగిలికి దోషం లేదని శాస్త్రం. ఆ వెసులుబాటు సింగరసుగారికి ఉందేమో, ఆచార్యులవారే చెప్పాలి."

రంగాచార్యులు సింగరసును ఎగాదిగా చూసి, "మీసం ఉన్న దూడ ఏ గ్రంథంలోనూ తగల్లేదు నాకు," అన్నారు.

రాజు సింహాసనం పట్టుకుని మరీ నవ్వాడు. ఎర్రక్క కొంగు అడ్డం పెట్టుకుంది. అప్పుడే గుళ్లో రాజభోగం గంట మోగింది.

"ఎర్రక్కా, సాయంత్రం ఎప్పటిలాగే ఆవును తోలుకురా," అన్నాడు రాజు కళ్లు తుడుచుకుంటూ. "భట్టూ, నీకేం కావాలి?"

"ఆ జాడీలు."

"అన్నిట్లోనూ సింగరసు వేలు పడిందయ్యా. రోత లేదూ నీకు?"

"నా వేలు కూడా పడనివ్వండి ప్రభూ. తర్వాత ఆయన వేలు ఎవరికి గుర్తుంటుంది?"

ఆ మాటకు సింగరసుకే నవ్వు ఆగలేదు. జాడీలన్నీ చెన్నుభట్టు ఇంటికి చేర్పించమనీ, బండి మీద ఆయన కూర్చోవడానికి కూడా కాస్త చోటు వదలమనీ రాజుగారి ఆజ్ఞ అయింది.